పొట్ట చూసుకో

తెరచాపలు కుట్టే షెడ్డులో టైలరమ్మ చోటు నేలలో ఉంటుంది. మాటవరసకి కాదు, నిజంగానే నేలలో. నున్నగా చెక్కలు పరిచిన ఆ పొడవాటి నేల మధ్యలో నడుములోతు గొయ్యి ఒకటి తీసి, కుట్టుమిషను నేలమట్టానికి వచ్చేలా అందులో దించారు. ఆమె రెండు మెట్లు దిగి గోతిలో కుర్చీ మీద కూర్చుంటే, గుడ్డ నేల మీదే జారుతూ సూది కిందికి వస్తుంది. ఇరవై అడుగుల గుడ్డని ఏ బల్లా మొయ్యలేదు మరి. అక్కణ్ణించి చూస్తే మనుషులు ముందు పాదాలుగా కనిపిస్తారు, తర్వాతే మొహాలుగా. గుడ్డ మీద ఇసుక పడకూడదని చెప్పులూ బూట్లూ గుమ్మం బయటే విడవాలి. చేరిన మూడు వారాల్లో ఆమె అందరినీ మేజోళ్లని బట్టి పోల్చుకోవడం నేర్చింది. బొటనవేలు దగ్గర చిరిగిన నల్ల మేజోడు వచ్చిందంటే ఓనరు. మోకాళ్లకి రబ్బరు తొడుగులు కట్టుకుని మోకాళ్ల మీదే వచ్చేస్తే కటింగ్ మాస్టారు.

మాస్టారికి నేలే బల్ల. రోజంతా మోకాళ్ల మీద తిరుగుతూనే గుడ్డ పరుస్తాడు, కొలుస్తాడు, గీస్తాడు, కోస్తాడు. అరవై దాటిన మనిషి. టీ గ్లాసు పట్టుకుంటే చేయి వణుకుతుంది. అందుకే గ్లాసుని సగమే నింపించుకుంటాడు. అది షెడ్డులో అందరికీ తెలుసు, ఎవరూ చూడనట్టే ఉంటారు.

టైలరమ్మకి కుట్టడం కొత్త కాదు. ఇక్కడి మాటలే కొత్త. చేరిన రోజే మాస్టారు, "అమ్మాయ్, ఆ షీట్ ఇలా పడెయ్," అన్నాడు. ఆమె గోతి పక్కనున్న గుడ్డ చుట్ట ఎత్తి ఇచ్చింది. ఆయన చుట్టని చూసి, ఆమెని చూసి, పకపకా నవ్వాడు.

"షీట్ అంటే తాడమ్మా. అదిగో, నీ మోచేతి దగ్గరుంది."

"తాడుని తాడు అనొచ్చుగా మాస్టారూ?"

"పడవలో తాడు అనే పేరున్న తాడు ఒక్కటీ ఉండదు. తెరచాపని పడవ మీద నిలువుగా ఉండే కొయ్య మీదికి ఎత్తే తాడుది ఒక పేరు. ఎత్తాక గాలికి కొట్టుకోకుండా అదుపులో పెట్టే తాడుది ఇంకో పేరు. అదే షీట్."

"మరి గుడ్డని ఏమంటారు?"

"గుడ్డనే అంటారు," అన్నాడాయన.

ఆ సాయంత్రమే ఆమె ఒక పుస్తకం కొనుక్కుని రాసుకోవడం మొదలుపెట్టింది. తెరచాపకి మూడు అంచులు. కొయ్యని పట్టుకుని ఉండే ముందు అంచు లఫ్. గాలి జారిపోయే వెనక అంచు లీచ్. కింది అంచు ఫుట్. ఇంతవరకూ ఎలాగో మింగింది. వెనక అంచు, కింది అంచు కలిసే మూలని క్లూ అంటారని రాసుకుంటుంటే పక్కనుంచి అక్క తొంగిచూసింది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే ఇంట్లో, ఒకే గదిలో, ఒకే మిషను మీద ఇన్నాళ్లూ ఊరివాళ్ల బట్టలు కుట్టినవాళ్లు. కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయాక చెల్లెలు షెడ్డుకి వెళ్లింది, అక్క ఇంట్లోనే సైజు సవరింపులు చేస్తోంది.

"క్లూ అంటే టీవీలో దొంగ జారవిడుచుకునేది కదే?" అంది అక్క.

"ఇది తెరచాప జారవిడుచుకోకుండా తాడు కట్టే మూల."

"ఏం మనుషులే! తాడుకి దుప్పటి పేరు, మూలకి దొంగ పేరు. రేపు సూదిని ఏనుగు అంటారేమో చూడు."

సోమవారం పొద్దున్న మాస్టారు కెప్టెనమ్మ తెరచాప ముక్కలు తెచ్చి గోతి అంచున పరిచాడు. కెప్టెనమ్మ అంటే రేవులో పడవ నడపడం నేర్పే ఆవిడ. అసలు పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆవిడ దగ్గర నేర్చుకునేవాళ్ల పడవకి కొత్త తెరచాప. ఆరు పొడవాటి ముక్కలు. ఒకదాని అంచు మీదికి ఇంకొకటి ఎక్కించి కుట్టుకుంటూ పోవాలి, మొత్తం అయిదు అతుకులు. ఏ ముక్క ఎంత ఎక్కాలో మాస్టారు కింది ముక్క మీద పెన్సిలుతో గీత గీశాడు.

ఓనరు ఆయన్ని రేవులో ఒక పెద్ద పడవ కొలతలకి రెండు రోజులు పంపిస్తున్నాడు. మాస్టారు మోకాళ్ల తొడుగులు విప్పి చేతిసంచిలో వేసుకుంటూ, "పొట్ట చూసుకో అమ్మాయ్," అని వెళ్లిపోయాడు.

చూసుకోకుండా ఎలా ఉంటుంది! అక్కాచెల్లెళ్ల కుట్టుబడిలో పొట్ట అంటే తిట్టు. అతుకు దగ్గర గుడ్డ ఒకచోట ఎక్కువై, ఒకచోట తక్కువై ఉబ్బితే, "పొట్ట పడిందే, విప్పు," అనేది అక్క. విప్పేదాకా అన్నం తిననిచ్చేది కాదు. గుడ్డ పరిచిన నీళ్లలా ఉండాలి. కొత్తగా కుట్టినది పక్క మీద పరిస్తే పక్కకి అంటుకుపోవాలి. అది వాళ్ల పరువు.

టైలరమ్మ మొదటి ముక్క దగ్గరికి లాక్కుని గీత చూసింది. చూసి ఆగింది. గీత తిన్నగా లేదు. రెండు చివర్లా అంచుకి రెండు వేళ్ల దూరంలో ఉంది, మధ్యకి వచ్చేసరికి వేలిన్నర దూరానికి జరిగింది. రెండో ముక్క తీసింది. అదీ అంతే. ఈ గీత మీద కుడితే గుడ్డ ఉబ్బక మానదు. ఆమెకి టీ గ్లాసు గుర్తొచ్చింది. పాపం, ఆయనకీ తెలుసు కాబోలు, అందుకే వెళ్తూ వెళ్తూ ఆ మాట చెవిన వేసి వెళ్లాడు అనుకుంది. ఓనరు కంట్లో పడితే ఇంకేమన్నా ఉందా?

ఆమె గోతిలోంచి పైకొచ్చి గోడకున్న ఇనప స్కేలు తీసుకుంది. గీత అంచుకి ఎక్కడ ఎక్కువ దూరంలో ఉందో చూసి, ఆ చివరినుంచి ఈ చివరికి అదే రెండు వేళ్ల వెడల్పు పెట్టింది. వెడల్పుది తీసుకుంటే వంకర గీత అంతా మడత కిందికి పోతుంది, బయటికి ఒక్క చార కూడా కనిపించదు. అయిదు అతుకులూ అలాగే కుట్టింది. రెండు రోజులు పట్టింది. మందపు గుడ్డ, లాగి లాగి భుజాలు పీకాయి. అయినా చివరి అతుకు అయ్యాక తెరచాపని నేల మీద పరిచి చూసుకుంటే ఎక్కడా ముడత లేదు, ఉబ్బు లేదు. ఓనరు నల్ల మేజోళ్లు వచ్చి పక్కన నిలబడ్డాయి.

"అబ్బ! ఇస్త్రీ చేసినట్టుంది టైలరమ్మా," అన్నాడు.

ఆమెకి ఆ పూట కాళ్లు నేల మీద ఆనలేదు. మంగళవారం సాయంత్రమే కెప్టెనమ్మ వచ్చి తెరచాప పట్టుకుపోయింది. బుధవారం మాస్టారు తిరిగొచ్చి, ఖాళీ నేల చూసి, "పొట్ట చూసుకున్నావా?" అని అడిగాడు. "చూసుకున్నాను మాస్టారూ," అంది. ఆయన తలూపాడు. ఒక మనిషి పరువు కాపాడి, ఆ సంగతి ఆ మనిషికి కూడా తెలియనివ్వలేదు కదా అని ఆమెకి లోపల్లోపల గర్వంగా ఉంది. ఆ గర్వం గురువారం పొద్దున్న పదింటిదాకా ఉంది.

పదింటికి కెప్టెనమ్మ తెరచాప సంచి భుజాన వేసుకుని వచ్చింది. బూట్లు విప్పడం కూడా మర్చిపోయింది. సంచిని దబ్బున నేల మీద పడేసి, "మీరు కుట్టింది తెరచాపా, తలుపా?" అంది.

ఓనరు పరుగున వచ్చాడు. "ఏమైందమ్మా?"

"గాలి పడితే తెరచాప ఉబ్బాలా వద్దా? ఇది పలకలా నిలబడింది. పడవ పక్కకి ఒరుగుతుందే గానీ ముందుకి కదలదు. నేర్చుకోవడానికొచ్చినవాళ్లు నలుగురు, నలుగురూ భయపడి ఏడుపుమొహాలు పెట్టారు. పొట్టే లేదండీ దీనికి! కొయ్య దగ్గర ఇంత పొట్ట ఉండాలి," అని రెండు చేతులూ ముందుకి గుండ్రంగా చాపి చూపించింది.

గోతిలో టైలరమ్మ చేతిలోని దారపు ఉండ జారి మిషను కిందికి దొర్లింది. పొట్టే లేదు. ఆవిడ ఆ మాట ఫిర్యాదులా అంటోంది.

ఓనరు మాస్టారి వైపు తిరిగాడు. ఓనరుకి గుడ్డల ధరలు తెలుసు, పడవల వాళ్ల పేర్లు తెలుసు, కోత తెలియదు. మాస్టారికి తెలుసు. ఆయన వంగి ఒక్క అతుకు మీద వేలు పెట్టి చూసుంటే అంతా అక్కడే తేలిపోయేది. కానీ వంగలేదు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, ఎన్నాళ్లుగానో వస్తుందని భయపడుతున్న కబురు ఇవాళ వచ్చినట్టు తల దించుకుని నిలబడ్డాడు.

"కోత నాదే," అన్నాడు. "చెయ్యి తప్పినట్టుంది."

కెప్టెనమ్మ వెంటనే చల్లబడింది. "అయ్యో, మిమ్మల్ని అనాలని కాదు మాస్టారూ," అని గొణిగి, అప్పుడు బూట్లు చూసుకుని గబగబా వెళ్లిపోయింది.

ఓనరు కాసేపు తెరచాప చుట్టూ తిరిగాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే అరిచేవాడు, అప్పుడు ఎవరైనా ఎదురు చెప్పేవాళ్లు. మెత్తగా అన్నాడు: "మాస్టారూ, కొన్నాళ్లు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి. కోత పని బయట కంప్యూటరు మిషను మీద చేయిస్తాను. ఎప్పటికైనా తప్పదు కదా." తర్వాత గోతి వైపు చూసి, "టైలరమ్మా, ఈ గుడ్డ రేపు ముక్కలు చేసి సంచులు కుట్టెయ్. ఇంక దేనికీ పనికిరాదు," అన్నాడు.

మాస్టారు మోకాళ్ల తొడుగులు విప్పి గోడకున్న మేకుకి తగిలించాడు. గుమ్మం దగ్గర కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. గోతిలోంచి ఆమెకి ఆ వేళ్లే కనిపించాయి. ముడి పడినట్టే పడి జారిపోతోంది. లేచి వెళ్లి కడదామనుకుంది, లేవలేదు. ఏదో ఘోరం చేశానని ఒంట్లో తెలుస్తోంది, ఏం చేసిందో మాత్రం ఇంకా తెలియదు.

ఇంటికి వెళ్లేసరికి అక్క ఒక ఆడపిల్ల గౌను సవరిస్తోంది. చెల్లెలు చేతులు కూడా కడుక్కోకుండా ఎదురుగా కూలబడి జరిగిందంతా చెప్పింది. అక్క పళ్ల మధ్య గుండుసూదులు పెట్టుకుని విన్నది.

"తిన్నగా కుడితే తప్పెలా అవుతుందే?" అంది సూదులు తీసి.

"అదే నాకూ అర్థం కావట్లేదు. పొట్ట ఉండాలట. పరిచిన గుడ్డకి పొట్ట ఎక్కణ్ణించి వస్తుంది?"

అక్క గౌను తిరగేసి, ఛాతీ దగ్గర డార్టు చివర గుండుసూది గుచ్చింది. డార్టు అంటే మొదట్లో ఎక్కువ గుడ్డ పట్టి, పోను పోను తగ్గించుకుంటూ సన్నం చేసే మడత. చెల్లెలు ఆ సూది వైపే చూస్తోంది. అక్క గౌనులో పిడికిలి దూర్చి పైకెత్తింది. బల్లపరుపుగా ఉన్న గుడ్డ ఆ మడత దగ్గర గుండ్రంగా లేచింది.

"అక్కా," అంది చెల్లెలు. "చివర్ల ఎక్కువ పట్టి, మధ్యలో తక్కువ పడితే?"

"మధ్యలో గుడ్డ మిగులుతుంది. మిగిలింది ఉబ్బుతుంది. అదేగా డార్టు? నిన్న పుట్టినదానిలా అడుగుతావేం?"

చెల్లెలు రెండు చేతుల్లో మొహం పెట్టుకుంది. చివర్ల రెండు వేళ్లు, మధ్యలో వేలిన్నర. ముప్పై ఏళ్లుగా డార్టులు వేసిన చేతులు, డార్టుని చూసి వణుకుడు అనుకున్నాయి. ఆయన చూసుకోమన్నది పొట్ట పడకుండా కాదు, పొట్ట పోకుండా.

చాలాసేపటికి అక్క మిషను ఆపి, "ఓనరుకి చెప్తావా?" అంది.

"చెప్పొద్దా?"

"నిన్ను ఇంకా పర్మనెంటు చెయ్యలేదు. ముసలాయన ఎలాగూ ఇవాళో రేపో మానేసేవాడే. ముందు మన పొట్ట చూసుకో."

అక్క అన్నది అన్యాయం కాదు. ఇంటి సంగతి తెలిసిన మనిషి అనాల్సిన మాటే అంది. అందుకే చెల్లెలికి కోపం కూడా రాలేదు. అన్నం కలిపింది గానీ తినలేదు.

శుక్రవారం ఓనరు వచ్చేలోపే షెడ్డుకి వెళ్లి గోతిలో కూర్చుంది. సంచుల కోసం కత్తెర సిద్ధంగా పెట్టి ఉంది. దాన్ని పక్కకి జరిపి, కుట్లు విప్పే చిన్న కత్తి తీసుకుంది. ఒక్కో కుట్టూ తెంపుతూ, దారాలు ఏరి ఒళ్లో వేసుకుంటూ మొదటి అతుకు మధ్యదాకా వచ్చేసరికి మడత కిందనుంచి పెన్సిలు గీత బయటపడింది. చెక్కుచెదరలేదు. ఆమె ఇప్పుడు వేలు పెట్టి దాని వెంట మెల్లగా పోయింది. ఒక్క గరుకు లేదు, ఒక్క తడబాటు లేదు, నిగనిగలాడే వంపు. అయిదు అతుకులూ విప్పి, ముక్కల్ని పక్కపక్కన పరిచింది. అయిదు గీతలూ అచ్చు గుద్దినట్టు ఒకేలా వంగాయి. వణికే చేయి అయిదుసార్లు ఒకేలా వణకదు. ఈ మాత్రం సంగతి సోమవారం తట్టలేదే అని ఆమె తనని తాను తిట్టుకోని తిట్టు లేదు.

మధ్యాహ్నం ఒక ముక్క చుట్టి చంకలో పెట్టుకుని మాస్టారి ఇంటికి వెళ్లింది. రంగుల కొట్టు మీద మేడగది. ఆయనే తలుపు తీశాడు. గదిలో ఒక మంచం, ఒక బల్ల. బల్ల నిండా, మంచం మీద, నేల మీద పాత పేపర్లు. ప్రతి పేపరు మీదా అచ్చుకి అడ్డంగా పెన్సిలు గీతలు. పదులు కాదు, వందలు. గురువారం నుంచీ ఆయన తన చేతిని తనే పరీక్ష చేసుకుంటున్నాడు.

టైలరమ్మ పేపర్లు పక్కకి నెట్టి బల్ల మీద ముక్క పరిచింది.

"మీ గీత మాస్టారూ. దీని మీద కుట్టలేదు నేను. తిన్నగా కుట్టాను."

ఆయన ముక్క మీదికి వంగాడు. గీత మీద, దాని పక్కనే తిన్నగా పోయిన ఆమె సూది చిల్లుల మీద వేలు నడిపాడు. ఈ చివరినుంచి ఆ చివరికి, మళ్లీ వెనక్కి.

"ఎందుకు?" అన్నాడు.

"మీ చెయ్యి వణికి గీత వంకరపోయింది అనుకున్నాను. ఓనరుకి కనపడకూడదని మడత కింద దాచేశాను."

"నన్ను అడగొచ్చుగా?"

"అడిగితే బాధపడతారని."

"అడిగుంటే నవ్వేవాణ్ణి," అన్నాడు మాస్టారు. ఇప్పుడు మాత్రం నవ్వలేదు. కుర్చీలో కూర్చుని కిటికీ వైపు తిరిగాడు. ఆయన తిడతాడనుకుంది, సంతోషిస్తాడనుకుంది. రెండూ చెయ్యలేదు. "అందరూ అలాగే అనుకుంటున్నారన్నమాట," అన్నాడు. ఆమె ముక్కని చుట్టి మళ్లీ చంకలో పెట్టుకుంది.

షెడ్డుకి తిరిగొచ్చి ఓనరుకి చెప్పింది. ఓనరు విని, నుదురు రుద్దుకుని, తలుపు దగ్గరికి వేశాడు.

"నీ తప్పా? మరి నిన్న ఎందుకు నోరెత్తలేదు?"

"నిన్న తెలియదండీ. తెలిసింది రాత్రే."

"బాగుంది. బయట మిషను వాళ్లకి మాటిచ్చేశాను. కెప్టెనమ్మకి ఫోన్ చేసి పెద్దాయన వయసు మీదపడింది, మానిపించాను అని కూడా చెప్పేశాను. ఇప్పుడు కాదు, మా టైలరు తప్పు అంటే నా షెడ్డు గురించి ఏమనుకుంటారు?" గొంతు తగ్గించాడు. "చూడు, ఆయనకీ వయసైంది, అది అబద్ధం కాదు కదా. నువ్వు గీత మీద మళ్లీ కుట్టెయ్. మిషను మీద కొత్తగా కోయించాం అని ఇచ్చేద్దాం. నీ ఉద్యోగానికి ఏం కాదు, నాది పూచీ."

ఆమె కుట్టింది. శుక్రవారం మిగిలిన పూట, శనివారం మధ్యాహ్నం దాకా. ఈసారి స్కేలు ముట్టుకోలేదు. గీత ఎటు పోతే సూది అటు పోయింది. గుడ్డ ఉబ్బుతుంటే ఆమె వేళ్లు అలవాటు కొద్దీ సర్దబోయేవి, వాటిని వెనక్కి లాక్కునేది. మధ్యలో మడత సన్నబడ్డచోట పాత సూది చిల్లులు ఖాళీగా బయటికొచ్చి వరసగా కనబడుతున్నాయి. వాటిని దాచే దారి లేదు. దాచాలని కూడా ఆమె చూడలేదు.

సాయంత్రం రేవులో కెప్టెనమ్మ తెరచాపని కొయ్య మీదికి ఎత్తింది. మొదట గుడ్డ పటపటా కొట్టుకుంది. ఆవిడ షీట్ లాగింది. కొట్టుకోవడం ఆగి, కొయ్య వెనకాల నిండుగా, గుండ్రంగా, ఊపిరి పీల్చుకున్నట్టు గుడ్డ ఉబ్బింది. కట్టేసి ఉన్న పడవ ముందుకి గుంజింది. తను కుట్టిన బట్ట వేసుకుని నడిచినవాళ్లని టైలరమ్మ చూసింది గానీ, కుట్టిన బట్ట పడవని లాగడం చూడటం అదే మొదలు. కళ్లు తిప్పుకోలేకపోయింది.

"ఇదీ తెరచాపంటే!" అంది కెప్టెనమ్మ. "మిషను కోత బాగుందే."

ఓనరు మొహమాటంగా నవ్వాడు. టైలరమ్మ నోరు తెరిచింది. అక్క మొహం ఒక్కసారి కళ్లముందు మెదిలింది. అయినా తెరిచిన నోరు మూయలేదు.

"మిషను కాదమ్మా. మాస్టారి కోతే. మొదటిసారీ ఆయనదే, ఇప్పుడూ ఆయనదే. చెడగొట్టింది నేను. అవిగో, ఆ చిల్లులన్నీ నా తప్పు కుట్టువే."

కెప్టెనమ్మ చిల్లుల వరస చూసింది, ఓనరుని చూసింది. ఓనరు చిరిగిన మేజోళ్ల మీద వేసుకున్న మెరిసే బూట్లని చూసుకుంటున్నాడు.

"నా తెరచాపలు మాస్టారే కొయ్యాలి," అంది కెప్టెనమ్మ.

తిరిగొచ్చాక ఓనరు షెడ్డు గుమ్మం దగ్గర, "సోమవారం ఆయన్ని రమ్మంటాను. నీ సంగతి నెలాఖరుకి చూద్దాం," అన్నాడు ఆమె మొహం చూడకుండానే.

సోమవారం మాస్టారు వచ్చాడు. మేకుకున్న తొడుగులు తీసి మోకాళ్లకి కట్టుకున్నాడు. కెప్టెనమ్మే తన రెండో పడవకీ తెరచాప కుట్టమని చెప్పింది. ఆయన కొత్త గుడ్డ పరిచి, సన్నటి చెక్కబద్దని వంచి, వంపు నిలవడానికి అటూ ఇటూ మేకులు గుచ్చాడు. ఆయన గీస్తుండగా ఆమె ఎప్పుడూ చూడలేదు. గోతిలో ఆమె కళ్లు సరిగ్గా నేలమట్టానికి ఉంటాయి కాబట్టి పెన్సిలు ముల్లు తన వైపే నడిచొస్తున్నట్టు కనిపించింది. బద్ద పక్కనే సాఫీగా వచ్చింది. సగం దూరంలో ఆగింది. ఆయన చేతిని ఒకసారి తొడకి రుద్దుకుని, పెన్సిలు మళ్లీ ఆనించి, చివరిదాకా గీశాడు.

"అమ్మాయ్, ఒకసారి ఇలా వచ్చి చూడు," అన్నాడు.

ఈ షెడ్డులో ఆయన గీత ఎవరికైనా చూపించగా ఆమె ఎరగదు. గోతిలోంచి పైకొచ్చి పక్కన మోకాళ్లూనింది. గీత బాగుంది. ఒక్కచోట తప్ప. పెన్సిలు ఆగినచోట దారమంత మందాన పక్కకి గెంతి మళ్లీ దారిలోకొచ్చింది. ఆ గెంతు ఆ అయిదు గీతల్లో దేనిలోనూ లేదు. అది ఏ రోజు పుట్టిందో, ఎవరివల్ల పుట్టిందో ఆమెకి తెలుసు. బాగుంది మాస్టారూ అనే మాట నాలుక చివరే ఉంది. ఆయన గీతని చూడటం లేదు, ఆమె మొహాన్ని చూస్తున్నాడు.

"ఇక్కడ వణికింది మాస్టారూ," అంది.

ఆయన అక్కడ వేలు పెట్టాడు.

"అవును, వణికింది," అన్నాడు. రబ్బరు తీసి జానెడు గీత తుడిచేశాడు. "బద్ద ఆ చివర పట్టుకో. నొక్కకు, ఊరికే ఆనించి ఉంచు."

ఆమె పట్టుకుంది. ఆయన మళ్లీ గీశాడు. ఈసారి పెన్సిలు ఆగలేదు.

"ఇప్పుడు?"

ఆమె నేలకి చెంప ఆనించి, గీత పొడుగునా చూసింది. "ఇప్పుడు లేదు."

"నిజమేనా?"

"నిజమే మాస్టారూ."

ఆయన తలూపి, మేకులు పీకి రెండో ముక్క మీదికి జరిగాడు. ఆ రోజు ఇంకా నాలుగు గీతలు గియ్యాలి. నాలుగింటికీ ఆమెని పిలిచాడు. నాలుగుసార్లూ అదే అడిగాడు.